బాయి బట్టలు, ఎగిరే మిషన్లు

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు గనులకు దగ్గరున్న ఇళ్లలో కిటికీ రెక్కలు గలగలమనడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి పగటిపూట గనిలో పేల్చే బ్లాస్టింగ్. రెండోది స్నానాల గది పక్కన పెట్టిన వాషింగ్ మిషన్ ఆఖరి పిండుడు. మొదటిదానికి లెక్కలున్నాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, గని యాజమాన్యానివి కాని మామూలు ఇళ్ల దగ్గర నేల కదిలే వేగం, ఆ కంపనం తీరును బట్టి, సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండోదానికి ఏ సర్క్యులరూ లేదు. దానికి మెకానిక్ ఉన్నాడు.

బొగ్గు బట్టల సంగతి ఎవరు చూసుకున్నారు, ఎట్లా చూసుకున్నారు అన్నది ఈ గనులు నడిపే సింగరేణి కంపెనీ చరిత్రల్లో పెద్దగా కనపడదు. ఆ చరిత్రలు టన్నుల మీద, సమ్మెల మీద, ప్రమాదాల మీద నడుస్తాయి. బాయి (గని) నుంచి ఇంటికొచ్చిన అంగీ, లాగు ఏమయ్యాయన్నది పెరటి విషయం. కానీ ఈ ఊళ్ల గతం ఆ పెరట్లో కూడా చాలానే దొరుకుతుంది.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది, 1889లో పని మొదలైంది. 1920 డిసెంబర్ 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. ఇప్పటికీ ఏటా అదే తేదీన సింగరేణి దినోత్సవం జరుపుతారు. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొన్నది. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి తర్వాత ఈ తవ్వకం 1960 ప్రాంతంలో రామగుండం చేరింది. గోదావరి ఒడ్డు పల్లెల పక్కన బావులు తెరుచుకున్నాయి, వాటి చుట్టూ కాలనీలు లేచాయి. గని నంబరే ఊరి పేరైన యైటింక్లయిన్ కాలనీ అట్లా పుట్టిందే.

బొగ్గు రాకముందు ఈ పల్లెల్లో ఉతుకుడు ఊరి చాకలి పని. దాని వెనక ఒక పూర్తి శాస్త్రం ఉండేది. చవుడు నేల నుంచి తెచ్చిన మట్టిని నీళ్లలో కలిపి, ఆ తేటలో బట్టలు నానేసి, పెద్ద బానలో ఆవిరి పట్టేవారు. దాన్ని ఉబ్బ వేయడం అంటారు. చవుట్లోని క్షారం, ఆవిరి వేడి కలిసి చెమట జిడ్డును, నూనెను విడదీస్తాయి. ఆ తర్వాత రేవులో బండ మీద బాదుడు, ఆపైన నీలిమందు, గంజి. కూలి డబ్బుల్లో కాక కల్లం దగ్గర గింజల్లో వచ్చేది. పెళ్లిలో, పురుట్లో, చావులో చేయాల్సిన చాకిరీ వేరు. దొరల గడీల్లో అది వట్టి వెట్టి. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను నిలబెట్టుకున్న చాకలి ఐలమ్మ ఆ కులం నుంచి, ఆ వెట్టి కాలం నుంచి వచ్చిన మనిషే. 1985లో చనిపోయిన ఆమె పేరును 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు.

బొగ్గు పట్టణానికి వచ్చేసరికి ఈ ఏర్పాటు తిరగబడింది. నెల జీతం మనుషులకు కల్లం గింజలు ఎక్కడివి? కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చి పక్కపక్క క్వార్టర్లలో దిగినవాళ్లకు ఉమ్మడి ఊరి చాకలి అంటూ లేడు. ఉతికితే నెలకింత అని రొక్కం. ఆ రొక్కం కూడా ఎక్కువగా ఇస్త్రీకీ, పెళ్లి బట్టలకీ పోయింది. రజకుల పిల్లలు కొందరు తామే బాయి దిగారు. బొగ్గు పట్టిన బట్టలు మాత్రం ఇంటి ఆడవాళ్ల చేతికే వచ్చిపడ్డాయి.

  

బొగ్గు మురికి మామూలు మురికి కాదు. మట్టి నీళ్లలో చెదిరిపోతుంది, చెమట ఉప్పు కరుగుతుంది, జిడ్డు క్షారానికి లొంగుతుంది. బొగ్గు నలుసు నీళ్లలో కరగదు, చవుడుకూ కరగదు. నూలు పోగుల మధ్య ఇరుక్కున్న ఆ నలుసును ఊడబెరికి, మళ్లీ బట్టకు అంటకుండా నీళ్లలోనే తేలేట్టు పట్టి ఉంచాలి. బార్ సబ్బు ఆ పని చేస్తుంది కానీ ఉప్పునీళ్లలో, అంటే సున్నపు పాళ్లు ఎక్కువున్న నీళ్లలో, సబ్బు నురగకు బదులు తెట్టు కడుతుంది. ఆ తెట్టు మసిని పట్టుకుని తిరిగి గుడ్డ మీదే కూర్చుంటుంది. ఎన్నిసార్లు ఉతికినా బాయి బట్టలు బూడిద రంగులోనే ఉండిపోవడానికి ఉతికేవాళ్ల ఓపిక తక్కువ కావడం కారణం కాదు, ఈ తెట్టే కారణం.

హిందుస్థాన్ లీవర్ సర్ఫ్‌ను మన దేశంలోకి తెచ్చింది 1959లో. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా తయారీ మొదలుపెట్టింది 1969లో. గోదావరిఖని, బట్టల పొడి దాదాపు ఒక ఈడువి. ఆ పొడి ఉప్పునీళ్లకు సబ్బంత భయపడదు. చవక పొడి ఇంటింటికీ చేరాకే ఇంట్లో బొగ్గు బట్టలు ఉతకడం కాస్త తేలికైంది. తేలిక అంటే మళ్లీ అదే బకెట్, అదే బ్రష్, అదే బండ. బాయి బట్టలకు వేరే బకెట్. తండ్రి మొదటి షిఫ్టు, పెద్దకొడుకు రాత్రి షిఫ్టు అయిన ఇంట్లో నల్ల వచ్చే వేళకు రెండు బకెట్లు.

ఈ బాధ ఒక్క తెలంగాణదే కాదు. ఇంగ్లండ్, వేల్స్ బొగ్గు ఊళ్లలో భర్త, కొడుకులు గనుల నుంచి మసితో ఇంటికే వచ్చి పొయ్యి ముందు తొట్టిలో స్నానం చేసేవారు. నీళ్లు మోసేదీ, కాచేదీ, తర్వాత నేల కడిగేదీ ఆడవాళ్లే. బ్రిటన్‌లో మొదటి గని స్నానాల గది 1913లో ఆథర్టన్ దగ్గరి గిబ్‌ఫీల్డ్ గనిలో తెరిచారు. 1919లో బొగ్గు పరిశ్రమ మీద వేసిన శాంకీ కమిషన్ ముందు వేల్స్‌కు చెందిన ఎలిజబెత్ ఆండ్రూస్ సాక్ష్యం చెప్పింది. గనుల దగ్గర స్నానాల గదులు కావాలన్నది ఆమె ముఖ్యమైన డిమాండు. ఇంటి చాకిరీని ఆమె పరిశ్రమ లెక్కలోకి లాగింది. మన దేశంలో 1959 నాటి బొగ్గు గనుల పిట్‌హెడ్ బాత్ నియమాలు స్నానాల గదులను, బట్టల లాకర్లను గని యాజమాన్యం బాధ్యత చేశాయి. వేతన ఒప్పందాల్లో యూనిఫాం ఇచ్చే ఉద్యోగులకు వాషింగ్ అలవెన్స్ కూడా చేరింది. ఒంటి మసి గని గేటు లోపలే పోయే వీలు కలిగింది. బట్టల మసి మాత్రం టిఫిన్ డబ్బాతో కలిసి ఇంటికే వచ్చింది. అలవెన్స్ జీతం చీటీలో పడుతుంది, ఉతికిన చేతికి చీటీ ఉండదు.

ఇక మిషన్ సంగతి. అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1937లో ఇళ్లకు అమ్మిన తొలి ఆటోమేటిక్ మిషన్లను నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. పిండేటప్పుడు వచ్చే ఊపును మింగే స్ప్రింగులు, డంపర్లు వాటికి లేవు. బిగించకపోతే మిషన్ నడిచిపోయేది. అంటే ఎగరడం అనే జబ్బు ఈ యంత్రానికి పుట్టుకతోనే వచ్చింది. తర్వాతి ఎనభై ఏళ్ల ఇంజనీరింగ్‌లో చాలా భాగం ఆ బోల్టులు లేకుండా మిషన్‌ను ఒకచోట నిలబెట్టడానికి పడిన పాటే. తొట్టిని స్ప్రింగులకు వేలాడదీశారు, అడుగున సిమెంటు దిమ్మ కట్టారు, తొట్టి అంచున ఉప్పునీళ్లు నింపిన వలయం పెట్టారు. బరువు ఒక పక్కకు చేరితే వలయంలోని నీళ్లు ఎదుటి పక్కకు జరిగి సరిచేస్తాయి.

మన దేశంలో 1980ల చివర వీడియోకాన్, టీవీఎస్ వర్ల్‌పూల్ లాంటి కంపెనీలు రెండు తొట్ల సెమీ మిషన్లను మధ్యతరగతి ఇళ్లకు తెచ్చాయి. 1990 ప్రాంతంలో ఐఎఫ్‌బీ జర్మనీ సాంకేతిక సహకారంతో ముందు తలుపుండే ఆటోమేటిక్ మిషన్లు మొదలుపెట్టింది. శాంసంగ్ 1995లో, ఎల్‌జీ 1997లో దిగాయి. దూరదర్శన్ ప్రకటనల్లో మిషన్ చూసినవాళ్లందరూ కొనలేదు. బొగ్గు బెల్టులో 1990లు గడ్డు రోజులు. 1992లో సింగరేణి నష్టాల్లో పడి, జబ్బుపడ్డ కంపెనీల సంగతి చూసే బీఐఎఫ్‌ఆర్ గుమ్మం ఎక్కింది. లక్ష దాటి ఉన్న కార్మికుల సంఖ్య ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. కంపెనీ కోలుకున్నాక లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే పద్ధతి కుదిరింది. అది సాధారణంగా దసరా ముందర పడుతుంది. 2024లో 33 శాతం వాటాగా 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. నలభై ఒక్క వేల పైచిలుకు కార్మికులకు సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులకు మాత్రం తలా 5 వేలు.

గోదావరిఖని లక్ష్మీనగర్ అంగళ్లలో ఫ్రిజ్‌లు, మిషన్లు ఏ నెలలో ఎక్కువ కదులుతాయో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. కిస్తీకి సెమీ మిషన్ కొన్న ఇల్లు నాలుగేళ్లకు ఆటోమేటిక్‌కు మారుతుంది. పాత సెమీ ఊళ్లో ఉన్న చెల్లె ఇంటికి పోతుంది. ఈ కదలికల్లోనే గోల మొదలవుతుంది.

క్వార్టర్ మారినప్పుడు, రిటైరై సొంతింటికి పోయేటప్పుడు మిషన్ ట్రాలీ ఆటో ఎక్కుతుంది. ముందు తలుపు మిషన్‌కు వెనకవైపు నాలుగు పెద్ద బోల్టులుంటాయి, కొన్నింటికి మూడు. దారిలో డ్రమ్ము ఊగకుండా పట్టి ఉంచేవి అవే. కొత్తగా కొన్నప్పుడు కంపెనీ మనిషి వాటిని తీసి, రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు పెట్టి పోతాడు. ఆ బోల్టులు ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తుండదు. బోల్టులు లేకుండా గుంతల రోడ్డు మీద పోయిన మిషన్‌లో డంపర్లు దెబ్బతింటాయి. దానికి వ్యతిరేకం ఇంకా చోద్యంగా ఉంటుంది. జాగ్రత్త తెలిసినవాళ్లు బోల్టులు బిగించే తెస్తారు, దించాక తీయడం మరిచిపోతారు. అప్పుడు స్ప్రింగులన్నీ ఉండి కూడా అది 1937 నాటి బెండిక్స్ అయిపోతుంది, నేలకు బిగించినది కూడా కాదు. మొదటి పిండుడుకే గోడ దాకా నడుస్తుంది.

ఎందుకంత బలం? లెక్క పెద్ద కష్టమేమీ కాదు. డ్రమ్ము నడిమధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరాన ఒక కిలో బరువు ఎక్కువగా చేరిందనుకుందాం. నిమిషానికి 1200 చుట్లు తిరిగినప్పుడు ఆ ఒక్క కిలో సుమారు 3150 న్యూటన్ల బలంతో లాగుతుంది. అంటే 320 కిలోల బరువు, ఆరు సిమెంటు బస్తాల పైమాటే. అదీ సెకనుకు 20 సార్లు దిక్కు మారుస్తూ. వేగం సగం చేస్తే లాగుడు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. గోల పెట్టే మిషన్‌ను 600 చుట్లలో పిండిస్తే నోరు మూసుకోవడానికి కారణం ఇదే. ఇంకో చిత్రం కూడా గమనించాలి. డ్రమ్ము వేగం అందుకునేటప్పుడు ఒక దశలో బాగా ఊగి, అది దాటాక నెమ్మదిస్తుంది. వేలాడే తొట్టికి తనదైన ఊపు ఒకటుంటుంది. తిరిగే వేగం దానితో కలిసినప్పుడే ఎక్కువ ఎగురుడు. ఆ దశలో మాత్రమే దడ ఉంటే డంపర్లను అనుమానించాలి. వేగం పెరిగేకొద్దీ మోత పెరుగుతూ పోతే బేరింగును.

ఇది చెవి పని. ఈ ఊళ్లకు చెవి పని కొత్త కాదు.

భూగర్భ గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కడ్డీతో కొట్టి చూడటం పాత ఆచారం. ఇప్పుడది నియమం కూడా. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిన బండ గుల్లగా పలుకుతుంది. ఆ తేడా పట్టలేని చెవి ప్రాణాల మీదికి తెస్తుంది. పైన బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు కింద వందల రోలర్లు తిరుగుతుంటాయి. వాటిలో ఏది అరుస్తోందో నడుస్తూనే కనిపెట్టడం ఫిట్టర్ల పని. బేరింగు అరిగిన రోలర్ వేడెక్కితే మంటలే. 1983లో ఏడో ఇంక్లయిన్‌లో లాంగ్‌వాల్ యంత్రాలు దిగాక, 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ గని మొదలయ్యాక, యంత్రాల చప్పుడు వినగలగడం ఇంకా విలువైన విద్య అయింది. పక్కనే 2600 మెగావాట్ల ఎన్టీపీసీలో టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. అక్కడ కంపనాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. స్క్రూడ్రైవర్ మొన బేరింగు గూడుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టి వినే అలవాటు ప్రపంచంలో ఫిట్టర్లందరిదీ. కానీ ఇన్ని వేల మంది ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ఒకేచోట కాపురముండే ఊళ్లు తెలంగాణలో ఎక్కువ లేవు.

అందుకే ఇక్కడ మిషన్ రిపేరు విద్యకు రెండు పాయలున్నాయి. ఒకటి, కరీంనగర్ ప్రాంతపు వ్యవసాయ మోటార్ల వైండింగ్ షాపులు, వాటి వెంట రేడియో, టీవీ రిపేరు అంగళ్లు. రెండోది, గని వర్క్‌షాపులో నేర్చి ఇంట్లో వాడిన చేతులు. మొదటి పాయ మోటారు, కెపాసిటర్, టైమర్ చూసింది. రెండోది బేరింగు, షాఫ్టు, సీలు చూసింది. ఎగిరే మిషన్‌కు రెండో పాయతోనే ఎక్కువ అవసరం. బేరింగు అంగట్లో 6205 అడిగితే అది బెల్టు రోలర్‌కా, బట్టల మిషన్‌కా అని అమ్మేవాడికి పట్టింపు లేదు. చివరి రెండు అంకెలను 5తో హెచ్చవేస్తే లోపలి రంధ్రం కొలత: 25 మిల్లీమీటర్లు. 6206 అయితే 30. చాలా ముందు తలుపు మిషన్ల వెనక ఈ జంటే ఉంటుంది. రబ్బరు మూతలున్నదే కొనాలి.

మంచి మెకానిక్ పెట్టె తెరవకముందే సగం పని మాటల్లో చేస్తాడు.

"తమ్మీ, మిషన్ ఎగిరెగిరి గోడకాడికి పోతుంది."

"ఏమేసిండ్రక్కా అండ్ల?"

"ఏం లేదు, ఒక్క చద్దరే."

"ఇంకో నాలుగు తువ్వాలలేసి తిప్పుండ్రి. అప్పటికీ ఎగిరితే నేనొస్త."

ఒక్క చద్దరు నీళ్లు తాగి ఒక పక్క ముద్దవుతుంది, దానికి ఎదురు బరువు ఉండదు. ఆటోమేటిక్ మిషన్ ఈ తేడాను మోటారు వేగంలో వచ్చే హెచ్చుతగ్గులతో పసిగట్టి, బట్టలను మళ్లీ మళ్లీ పరిచి చూస్తుంది. కుదరకపోతే పిండకుండా ఆగిపోతుంది. తెర మీద నిమిషాలు తగ్గకుండా అక్కడే తిరుగుతున్నాయంటే అర్థం ఇదే. సెమీ మిషన్‌కు ఆ తెలివి లేదు. డ్రయ్యర్‌లో బట్టలు ఒత్తుగా, సమంగా పేర్చి పైన ప్లాస్టిక్ బిళ్ల పెట్టాలి. కొన్న వారానికే ఆ బిళ్ల అటక ఎక్కుతుంది.

తర్వాత నేల. పాత క్వార్టర్ల స్నానాల గదుల్లో, పెరటి అరుగుల మీద బండలు మోరీ వైపు వాలి ఉంటాయి. నీళ్లు పోవడానికి ఆ వాలు కావాలి, మిషన్‌కు అదే శత్రువు. పై మూలలను ఎదురెదురుగా నొక్కి చూస్తే ఏ కాలు లేచి ఉందో తెలుస్తుంది. ఆ కాలును తిప్పి దించి, దాని మీది చెక్ నట్టును పైకి బిగించాలి. నట్టు బిగించని కాలు నెల తిరిగేసరికి తనంతట తనే తిరిగిపోతుంది. చక్రాల స్టాండు మీద పెట్టిన మిషన్‌కు ఈ వైద్యం పనిచేయదు. చక్రాలకు తాళం ఉందని అమ్మినవాడు చెప్పినా, పిండుడుకు అవి ఆగవు. ఈ వ్యాపారంలో అన్నిటికంటే పనికిమాలిన వస్తువు ఆ స్టాండే.

నేల బాగుంటే అప్పుడు లోపలికి. ప్లగ్గు పీకాలి, కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుందని మరవకూడదు. పైన మూత ఉండే మిషన్‌లో తొట్టిని అరచేత్తో కిందికి నొక్కి వదలాలి. ఒకసారి లేచి కుదురుకుంటే నాలుగు సస్పెన్షన్ రాడ్లు బాగున్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే మార్చాలి. మార్చితే నాలుగూ మార్చాలి, ఒక్కటి కొత్తదైతే తొట్టి దాని వైపు వంకరగా వేలాడుతుంది. ముందు తలుపు మిషన్‌లో డ్రమ్ము అంచు పట్టి పైకి లేపి చూడాలి. తొట్టి కదలకుండా డ్రమ్ము ఒక్కటే కదిలితే బేరింగు పోయింది. చేత్తో తిప్పితే గరగర వినిపిస్తుంది. వెనక వైపు తుప్పు నీటి చారలుంటే సీలు ముందే పోయిందని అర్థం.

ఇక్కడే బొగ్గు ఊరి ప్రత్యేకత బయటపడుతుంది. బేరింగును చంపేది ఎక్కువగా బరువు కాదు, నీళ్లు. నీళ్లను ఆపేది ఒక రబ్బరు సీలు పెదవి. ఉతికిన నీళ్లలో ఉండే నలుసు ఆ పెదవిని, అది రాసుకునే ఇత్తడి తొడుగును గీరుతుంది. బొగ్గులో బూడిద పాళ్లుంటాయి, అందులో ఇసుకరాయి రేణువులుంటాయి. బట్టలు ఆరేసిన మేడల మీద వేసవి గాలికి ఎన్టీపీసీ వాళ్ల కుందనపల్లి బూడిద చెరువు వైపు నుంచి లేచే దుమ్ము పడితే అది కూడా తర్వాతి ఉతుకులో తొట్టిలోకే చేరుతుంది. బాయి బట్టలను ఒకసారి బకెట్లో జాడించి, జేబులు దులిపి, ఆ తర్వాతే మిషన్‌లో వేసే ఇళ్లున్నాయి. చూసేవాళ్లకు అది పాత అలవాటు వదలని చాదస్తంలా కనిపిస్తుంది. మెకానిక్‌కు మాత్రం అది సీలు ఆయుష్షు. ఫిట్టర్ల జేబుల్లోంచి రాలిన వాషర్లు, చిన్న నట్లు డ్రైన్ పంపులో ఇరుక్కుంటే వచ్చే కటకట వేరు. దాన్ని ఎగురుడుతో కలిపి చూడకూడదు. నీళ్లు బయటికి పోయేటప్పుడు మాత్రమే కటకట వస్తే పంపు ఫిల్టర్ విప్పితే చాలు.

ఇంకొక జబ్బు నెమ్మదిగా వస్తుంది. స్టీలు డ్రమ్మును షాఫ్టుకు పట్టి ఉంచే మూడు కొమ్మల అల్యూమినియం చట్రాన్ని స్పైడర్ అంటారు. స్టీలుతో తాకుడులో, క్షారమున్న పొడి తెట్టులో అల్యూమినియం కొరుక్కుపోతుంది. ఉప్పునీళ్లకు భయపడి రెట్టింపు పొడి వేసే ఇళ్లలో ఆ తెట్టు ఇంకా మందం. ఒక కొమ్మ విరిగాక డ్రమ్ము ఖాళీగా తిరిగినా దబదబమంటుంది. సమంగా పేర్చిన బట్టలతోనూ దడ తగ్గకపోతే, బేరింగు శుభ్రంగా తిరుగుతుంటే, అనుమానం స్పైడర్ మీదికే పోవాలి.

రాను రాను ఈ విద్యకు కంపెనీలే అడ్డం తగులుతున్నాయి. పాత మిషన్లలో ప్లాస్టిక్ తొట్టి రెండు ముక్కలుగా స్క్రూలతో బిగించి ఉండేది. విప్పి బేరింగు కొట్టి తీసి కొత్తది వేస్తే వందల రూపాయల్లో పని. కొత్త మోడళ్లు చాలావాటిలో ఆ రెండు ముక్కలను కరిగించి అతికేస్తున్నారు. బేరింగు పోతే తొట్టి మొత్తం మార్చాలంటారు, ఆ ఖర్చు వేలల్లోకి పోతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. విడిభాగాల, రిపేరు వివరాలు కంపెనీలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. అతికిన తొట్టికి పోర్టల్ ఏం చేస్తుంది?

ఇటు రజకుల వృత్తి కూడా కరెంటు మీదికి మారింది. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్ర ప్రభుత్వం దోబీఘాట్లకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తోంది. లాండ్రీలో రోజంతా తిరిగే మిషన్‌కు బేరింగు ఇంట్లో మిషన్ కంటే చాలా ముందే పోతుంది. కాబట్టి అతికిన తొట్టిని ఏం చేయాలన్న ప్రశ్న ఇంటివాళ్ల కంటే వాళ్లకే ముందు ఎదురవుతుంది.

దానికి మెకానిక్‌లు కనిపెట్టిన మార్గం కంపెనీ పుస్తకంలో ఉండదు. అతుకు వెంబడి హాక్సా బ్లేడుతో తొట్టిని చుట్టూ కోస్తారు. కోసే ముందే అంచు చుట్టూ దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసుకుంటారు, తర్వాత వేస్తే రెండు ముక్కలు కలవవు. పాత బేరింగులను వెనక నుంచి సుత్తితో కొట్టి తీసి, గూడు తుడిచి, కొత్తవి చెక్క ముక్క ఆనించి సమంగా దించుతారు. కొత్త సీలు పెదవికి నీళ్లకు కొట్టుకుపోని గ్రీజు రాస్తారు. ఇత్తడి తొడుగు మీద గీతలుంటే సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేస్తారు. లోతు గీతలైతే సీలు మార్చినా లాభం లేదని ముందే చెప్పేస్తారు. అంచు చుట్టూ సిలికాన్ పూసి, స్క్రూలు ఎదురెదురుగా బిగించి, ఒక రోజు ఆరనిస్తారు. మర్నాడు నీళ్లు నింపి కింద పాత పేపరు పరిచి కారుతుందేమో చూసి, మొదట ఖాళీగా, ఆ తర్వాత నాలుగు తడి తువ్వాలలతో తిప్పుతారు. కూలి అప్పుడే తీసుకుంటారు. గ్యారంటీ మాత్రం నోటిమాటే, కాగితం మీద ఎవరూ రాసివ్వరు.